పూటకూళ్లమ్మ ఇరవై రూపాయలు

కన్యాశుల్కం నేను చదవలేదు, విన్నాను. ఈ మాట నలభై ఏళ్లుగా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. పెళ్లిచూపుల్లో మా ఆవిడతో చెప్పాను, బ్యాంకులో పై ఆఫీసర్లతో చెప్పాను, మొన్నమొన్నటిదాకా మనవరాలికి కూడా చెప్పాను. వాల్తేరులో యూనివర్సిటీ హాస్టల్ గేటు ఎదురుగా ఒక టీ బడ్డీ దగ్గర, లాంతరు వెలుగులో, రాత్రికి ఆరేడు పేజీల చొప్పున ఏడంకాలూ విన్నానని. చదివి వినిపించింది నా క్లాస్‌మేటు, రూమ్మేటు. వాడి పేరు ఇక్కడ రాయను. ఎక్కడైనా తన పేరు కనపడితే మొహమాటపడి చచ్చేవాడు. ఇప్పుడు వాడు లేడు కాబట్టి రాసేద్దామంటే నాకు చెయ్యి రావటం లేదు.

1981లో ఎమ్మే ఎకనామిక్స్‌లో చేరాను. మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు వాళ్లకి అప్పట్లో వాల్తేరంటే దాదాపు ఒరిస్సా కిందే లెక్క. రైలు టికెట్టు మీద కూడా స్టేషన్ పేరు వాల్తేరు అనే ఉండేది. ట్రంకుపెట్టె మంచం కిందికి తోసి కూర్చున్నానో లేదో, గోనెసంచి భుజానేసుకుని ఒకడు గదిలోకొచ్చాడు. ఉద్దానం వాడు. సోంపేట అవతల పల్లె. జీడిమామిడి, కొబ్బరి, పనస పండే సీమ అని విని ఉన్నాను కాబట్టి సంచీ వైపు ఆశగా చూశాను. సంచీ విప్పితే పుస్తకాలు. కొబ్బరికాయలూ ఉన్నాయిగానీ, అవి పుస్తకాలు కదలకుండా సందుల్లో కుక్కినవి.

"ఇన్ని కథల పుస్తకాలు తెచ్చుకున్నావు, ఎమ్మే తెలుగు చదవొచ్చుగా?" అన్నాను.

"అన్నయ్య ఒప్పుకోలేదు గురూ. ఎకనామిక్స్ అయితే ఉద్యోగమొస్తాదన్నాడు. తెలుగు నీకు ఎలగూ వచ్చు కదా అన్నాడు."

మొదటి వారం వాడి మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. నా 'ఏంది', 'ఎట్లా'లకి వాడు పడీపడీ నవ్వేవాడు. హాస్టల్ గేటు ఎదురుగా బడ్డీ నడిపే ఆవిడని మేమంతా మామ్మా అంటుంటే వాడొక్కడే 'అప్పా' అని పిలిచాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే పెట్టుకుని, "ఏవూరు బాబూ మీది?" అని అడిగింది. అప్ప అంటే వాళ్ల వైపు అక్క. ఆ ఒక్క పిలుపుతో వాడికి టీలో పాలు ఎక్కువ పడటం మొదలైంది. మాకు మాత్రం ఆఖరిదాకా మామూలు టీయే.

అప్పకి చదువు రాదు. ఎవరి ఖాతా వాళ్లకి బడ్డీ వెనక చెక్క మీద బొగ్గుతో గీతలు. టీకి పొడుగ్గీత, బజ్జీలకి సున్నా, సిగరెట్టుకి ఇంకేదో గుర్తు. ఎవరి గీతలెవరివో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు. మేం ఎకనామిక్స్ విద్యార్థులం ఆ చెక్క ముందు నిలబడి తల గోక్కునేవాళ్లం.

చదవటం ఎలా మొదలైందంటే, 82 ఆగస్టులో ఒక రాత్రి కరెంటు పోయింది. గదిలో కొవ్వొత్తి లేదు. వాడు కన్యాశుల్కం పట్టుకుని బడ్డీ లాంతరు దగ్గరికి పోయి కూర్చున్నాడు. వాడికి కళ్లతో చదవటం చేతకాదు, పెదాలు కదలాల్సిందే. రిక్షా తొక్కే ఒక ముసలాయన "కొంచెం గట్టిగా సదువు బాబూ" అన్నాడు. అంతే. మర్నాడు కరెంటు ఉన్నా వాడు అక్కడికే వెళ్లాడు. రిక్షావాళ్లు ఇద్దరు ముగ్గురు, హాస్టల్ వాచ్‌మన్, పెదజాలరిపేట నించి చేపల తట్టతో వచ్చి తిరిగి పోతూ ఆగే ఒకామె, ఆమె వెంట ఒక గుంట, నాబోటి విద్యార్థులు నలుగురైదుగురు. సముద్రం హోరు అక్కడికి వినిపించేది. గాలికి లాంతరు రెపరెపలాడినప్పుడల్లా వాడు ఆగేవాడు, అందరూ ఆగేవాళ్లు.

కన్యాశుల్కం గొప్ప నాటకం అని నాకు ఇంటర్లోనే తెలుసు, ప్రశ్నజవాబుల్లో. కానీ అది ఇంత నవ్వొచ్చేదని తెలీదు. ఇంకో సంగతి, మేం నవ్వేచోట వాళ్లు నవ్వేవాళ్లు కాదు. వాళ్లు నవ్వేచోట మాకు అర్థమయ్యేది కాదు. మేం గిరీశం ఇంగ్లీషుకి నవ్వితే, వాళ్లు రామప్పంతులు మాట మార్చే చోట నవ్వేవాళ్లు. అలాంటి మనిషి వాళ్లకి రోజూ తగిలేవాడు కాబోలు. విజయనగరం వైపు మాట అది. మా తెనాలి చెవికి కొంచెం దూరం, వాళ్ల చెవికి పక్కింటి మాట.

చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మొదట్లోనే గిరీశం తన ఘనకార్యం ఒకటి చెప్పుకుంటాడు. డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్లమ్మకి సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు. తర్వాత ఆవిడ చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి రావటం, వీడు మంచం కింద దూరటం, దెబ్బ వీడికి కాకుండా రామప్పంతులుకి తగలటం. ఆ రాత్రి బడ్డీ దగ్గర నవ్వని వాళ్లు లేరు, అప్ప తప్ప. ఆవిడ బజ్జీల మూకుడు దించి పక్కన పెట్టి అడిగింది:

"మరా ముసిల్దాని డబ్బులు ఇచ్చీసినాడా లేదా?"

వాడు పుస్తకం తిరగేసి, "ఇంకా లేదప్పా, ముందు సూద్దాం" అన్నాడు. మర్నాడు చదవటం మొదలెట్టే ముందు మళ్లీ అదే ప్రశ్న. మూడో రోజూ అదే. చిన్నతనంలోనే విధవైన బుచ్చమ్మ గురించి, మధురవాణి గురించి మిగతావాళ్లు ఏవేవో వాదించుకుంటుంటే, అప్ప ఆ ఇరవై దగ్గరే ఆగిపోయింది. "ఇంగిలీసు దంచుతాడు గానీ, వొండి పెట్టినదాని బాకీ తీర్చడు. ఆడెలగ బాగుపడతాడు?" అనేది. అంటూ మా చెక్క వైపు ఒకసారి చూసేది. మేం లేచి గదులకి పోయేవాళ్లం.

ఆ ఇరవై తిరిగొచ్చిన ముచ్చట పుస్తకంలో మాకెక్కడా దొరకలేదు. అంతా అయిపోయాక ఒక రాత్రి గదిలో లైటార్పి పడుకున్నాం. వాడు చీకట్లో అన్నాడు: "గురూ, ఈ నాటకం మీద ఎంతమంది ఎన్ని రాశారో. గిరీశం మీద రాశారు, మధురవాణి మీద రాశారు. అప్ప అడిగిన మాట ఎవరైనా అడిగారేటి?" నాకు నిద్రొస్తోంది. "పడుకోరా" అన్నాను. వాడు పడుకోలేదు. 1897లో అచ్చయిన మొదటి కన్యాశుల్కం చిన్నదనీ, 1909 నాటికి గురజాడ దాన్ని తిరగరాసి బాగా పెంచారనీ ఏదో మొదలెట్టాడు. "ఎందుకు పెరిగిందంటావు? ఆ పన్నెండేళ్లలో ఇంకా మనుషులొచ్చి చేరుంటారు గురూ. రావొద్దంటాడేటి ఆయన?" అన్నాడు. పరిశోధకులు ఒప్పుకుంటారో లేదో గానీ, వాడు సాహిత్యం గురించి ఏం మాట్లాడినా అలాగే ఉండేది. శైలి, శిల్పం అనే మాటలు వాడి నోట నేను వినలేదు. పుస్తకంలో మనుషులు పక్క వీధిలో కాపురం ఉంటున్నట్టే మాట్లాడేవాడు. వాళ్లకి అప్పులుంటాయి, ఆకలేస్తుంది, జ్వరాలొస్తాయి. అవి తీరాయా లేదా అన్నదే వాడికి కావాలి.

రావిశాస్త్రి గారు అప్పుడు విశాఖలోనే ఉండేవారు. ప్లీడరు. ఆయన్ని చూసొద్దామని నేనే అన్నాను ఒకరోజు, రచయితని దగ్గరనించి చూడలేదు కదా అని. సరేనని బయల్దేరదీశాడు. తీరా తీసుకెళ్లింది కోర్టు వరండాకి. "ఆయన్ని చూసి మనమేటి చేస్తాం? ఆయన చూసినోళ్లని చూద్దుం రా" అన్నాడు. సారా కేసుల వాళ్లు, చిల్లర దొంగతనాల వాళ్లు, జామీను కోసం తాలూకావాళ్లు గోడవార గొంతుక్కూర్చుని ఉన్నారు. చంకలో బిడ్డతో ఒకామె ప్లీడరు గుమస్తాని బతిమాలుతోంది. వీడు ఆమె పక్కన చేరి మాటల్లో పడ్డాడు. రెండు గంటలు. నాకు చిరాకొచ్చి వెళ్లిపోతానన్నాను. వచ్చేటప్పుడు మా ఇద్దరి బస్సు డబ్బులూ ఆమెకిచ్చేశాడు. అక్కణ్ణించి హాస్టల్ దాకా నడక.

వాణ్ణి దేవుణ్ణి చేసి రాస్తున్నానేమో అని అనుమానమొచ్చి ఇది కూడా చెబుతున్నాను. వాడితో ఉండటం చాలా కష్టం. టైముకి ఎక్కడికీ రాడు. నా చొక్కాలు నన్నడక్కుండా తొడుక్కునేవాడు. అది పర్లేదు, నా పుస్తకాలు కూడా నన్నడక్కుండా ఎవరెవరికో ఇచ్చేసేవాడు. పరీక్షలు నెల ఉన్నాయనగా నా స్టాటిస్టిక్స్ పుస్తకం కనపడలేదు. అడిగితే, పై అంతస్తులో ఎవరికో లేదని ఇచ్చానన్నాడు. "మరి నాకో?" అంటే, "నీకు అర్థం కావట్లేదు కదా గురూ, వాడికి అవుతాది" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను. వాడు మాత్రం నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను పలక్కపోవటం వాడు గమనించినట్టు లేదు.

బొంకులదిబ్బ సంగతి చెప్పాలి. నాటకం మొదలయ్యేది విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర. చూపిస్తానని ఒక ఆదివారం పాసింజర్లో తీసుకెళ్లాడు. అరవై కిలోమీటర్లు, పదింటికల్లా చేరాం. కోట దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు మూసుకోమన్నాడు. ఎందుకురా అంటే, "ఇప్పుడు చూడకూడదు. నాటకం మొదటి మాటే సాయంకాలమైంది అని కదా. సాయంకాలం కావాలి" అన్నాడు. నేను తమాషా అనుకున్నాను. కాదు. సాయంత్రం దాకా ఊరంతా తిప్పాడు. మహారాజా కాలేజీ, గంటస్తంభం, పైడితల్లి గుడి. మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం పెడతారని తెలిసి అక్కడికి లాక్కెళ్లాడు. హోటల్ కాదు, బోర్డు లేదు, ఒక పెద్దావిడ వంట. తిన్నాక ఆవిడ అడిగినదానికంటే రెండు రూపాయలు ఎక్కువిచ్చి, "పాత బాకీలో జమ వేసుకోండి" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. పాపం, వీళ్లెవరో మతిస్థిమితం లేనివాళ్లని అనుకుని ఉంటుంది.

సాయంత్రం ఐదున్నరకి బొంకులదిబ్బ చూశాం. నేను ఊహించుకున్న దిబ్బ అక్కడ లేదు. బళ్లు, జనం, దుమ్ము, రెండు ఆవులు. వాడు మాత్రం అరగంట కదల్లేదు. ఆఖరి పాసింజరు తప్పిపోయింది. రాత్రంతా ప్లాట్‌ఫారం మీద దోమలు కుట్టి చంపాయి.

రెండో ఏడాది మాకు సర్వే పని ఇచ్చారు. అప్పుడప్పుడే స్టీల్ ప్లాంటు కట్టుబడి పనులు ఊపందుకుంటున్నాయి. గాజువాక అవతల భూములు పోయిన ఊళ్లవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆదాయం ఎంత, అప్పు ఎంత, పశువులెన్ని, తలకి ముప్పై ఫారాలు నింపుకురావాలి. నేను నాలుగు ఇళ్లు తిరిగి, మిగతా ఇరవయ్యారూ ఒక చింతచెట్టు కింద కూర్చుని నింపాను. ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నాను. వాడు మూడు రోజులు తిరిగి ఆరు ఫారాలు తెచ్చాడు. ఒక్కో ఫారం వెనక వైపు సందు లేకుండా రాత. ఏ పొలానికి ఏం పేరుండేదో, ఏ బావి నీళ్లు తియ్యనో, ఊరు ఖాళీ చేసేరోజు గ్రామదేవత గుడి దగ్గర ఎవరు ఏమని ఏడ్చారో. ముందు వైపు 'అప్పు ఎంత' అన్న గడిలో ఒకచోట 'చెప్పలేదు, నేను అడగలేదు' అని ఉంది. నాకు మార్కులు బాగా వచ్చాయి. వాడివి బొటాబొటి. ఇద్దరి ఫారాలూ ఇప్పుడు ఎక్కడున్నాయో గానీ, నావి చెదలు తిన్నా లోకానికి నష్టం లేదు.

83 మేలో పరీక్షలయ్యాయి. ఇంటినించి మనియార్డరు రాలేదు. మెస్సు బకాయి ఎలాగో కట్టి నో డ్యూస్ తీసుకుని రైలెక్కేశాను. అప్ప బాకీ కట్టలేదు. అడుగుతుందేమోనని ఆ రోజు వెనక గేటునించి వెళ్లాను. వచ్చి ఇస్తాలే అనుకున్నాను, అందరూ అనుకున్నట్టే.

జూన్ ఆఖర్న మా ఊరికి కార్డు ముక్కొచ్చింది. వాడు ఇంకా వాల్తేరులోనే ఉన్నాడు, ఎవరి పిల్లలకో ట్యూషన్లు చెప్పుకుంటూ. కార్డులో మొదటి సగం శ్రీశ్రీ గురించి. జూన్ 15న మద్రాసులో పోయారు కదా. 'అప్పకి చెప్పాను. ఎవులాయన, మనూరోడేనా అంది. మనూరోడే అన్నాను. పెళ్లాం పిల్లలున్నారా అంది. ఉన్నారన్నాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కవిత్వం ఒక్క ముక్క వినకుండానే.' రెండో సగంలో: 'నీ గీతలు లెక్కపెట్టించాను. పద్దెనిమిది రూపాయల చిల్లర. కట్టేసి తుడిపించాను. నాకివ్వక్కర్లేదు.' చివర సంతకం పైన చిన్న అక్షరాలతో 'గిరీశం గారికి' అని ఉంది. ఆ కార్డు మా నాన్న చూడకముందే చించేశాను. అన్నిటికంటే ఇప్పటికీ బాధ అదే, ఆ కార్డు దాచుకోకపోవటం.

తర్వాత నాకు బ్యాంకు ఉద్యోగమొచ్చింది. ముప్పై నాలుగేళ్లు జనం దగ్గర బాకీలు వసూలు చేశాను. వాడు బీఈడీ చేసి వాళ్ల వైపే ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా కుదురుకున్నాడు. ఉత్తరాలు, ఆ తర్వాత ఫోన్లు. పెళ్లిళ్లకి ఒకళ్లింటికి ఒకళ్లం వెళ్లాం. అంతకు మించి కలిసింది తక్కువే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. వారం రోజులు వాడి ఫోను కలవలేదు. ఎనిమిదో రోజు వాడే చేశాడు. కొబ్బరి పెట్టి కాపు చూడాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. అలాంటి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. వాడి గొంతు మామూలుగానే ఉంది. పుస్తకాలు తడిశాయనీ, డాబా మీద ఆరేశాననీ చెప్పాడు. "ఒక ముసలాయన పడిపోయిన చెట్లకి పేర్లు పెట్టి పిలుస్తన్నాడు గురూ. ఒక్కో చెట్టుకీ ఒక్కో పేరు. అన్నీ రాసుకున్నాను" అన్నాడు. డబ్బేమైనా పంపనా అంటే, "నాకెందుకు? నాకు జీతమొస్తాది" అని వేరే ఎవరి అకౌంటు నంబరో చెప్పాడు.

ఉద్దానం అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. నీళ్లన్నారు, నేల అన్నారు, ఎండలో పని అన్నారు. ఇదీ కారణం అని తేల్చినవాళ్లు ఇంతవరకు లేరు. వాడి బడి పిల్లల నాన్నలు ఒక్కొక్కరే మంచం పట్టేవాళ్లు. డయాలసిస్ కేంద్రం పెట్టాక ఆదివారాలు వాడు అక్కడికి వెళ్లేవాడు. మిషన్ మీద పడుకుంటే నాలుగు గంటలు కదలకూడదు. చెయ్యి ఆడించకూడదు. పైకప్పు చూస్తూ పడి ఉండాలి. వాళ్ల పక్కన స్టూలేసుకుని కథలు చదివేవాడు. ఇదంతా నాకు వాడు చెప్పలేదు. 2019లో ఫోన్లో, "నాకూ మంచం ఇచ్చారు గురూ, కిటికీ పక్కది" అన్నాడు. వాడి మాట అర్థం కావటానికి, వాల్తేరులో మొదటి వారం లాగే, నాకు కొంత టైము పట్టింది.

2021 మేలో పోయాడు. కరోనా రెండో విడత. వెళ్లలేకపోయాను. డిసెంబరులో పలాస దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణించి బస్సులో వాళ్ల ఊరు చేరాను. చెల్లెమ్మ కాళ్లకి నీళ్లిచ్చి, అన్నం పెట్టి, లోపలికెళ్లి ఒక పుస్తకం తెచ్చింది. "మీకిమ్మన్నారు అన్నయ్యా. పేరు రాసి మరీ పెట్టారు" అంది. అట్టలు ఊడిపోయి, గోధుమరంగు కాగితమేసి కుట్టిన కన్యాశుల్కం. తుపానుకి తడిసి ఉబ్బింది.

తిరుగు రైల్లో తెరిచాను. మార్జిన్లనిండా పెన్సిలు రాతలు. వాడి అభిప్రాయాలేవో రాసుకున్నాడనుకున్నాను. ఒక్కటి కూడా లేదు. ఎవరి దగ్గర చదివితే ఎవరేమన్నారో అది రాశాడు, తేదీలతో సహా.

'12-8-82. అప్ప: డబ్బులిచ్చీసినాడా?'

'రిక్షా తాత ఇక్కడ నవ్వాడు. ఎందుకో చెప్పలేదు.'

'చేపలామె బుచ్చమ్మకి ఈడు ఎంత అని అడిగింది. చెబితే లేచి వెళ్లిపోయింది.'

'1991, టెన్త్ బి. మధురవాణి మంచిదా చెడ్డదా సార్? రేపు చెబుతానన్నాను.' కింద వేరే తేదీతో, 'ఇంకా అడుగుతున్నారు.'

'2019. మిషన్ దగ్గర. మూడో మంచం ఆయన ఇక్కడ ఆపమన్నాడు, సూది నొప్పి. మిగతాది బుధవారం.' దాని పక్కనే, 'బుధవారం. మంచం ఖాళీ. ఎదుటి మంచానికి చదివాను.'

విజయనగరం దాటేదాకా తలెత్తకుండా పేజీలు తిప్పాను. ఐదో అంకంలో ఒకచోట, 82 నాటి రాతే, పెన్సిలు మసకబారింది. కళ్లజోడు తీసి దగ్గర పెట్టుకుని చూశాను. నా పేరుంది. పేరు పక్కన, 'మూడు రోజులై నిద్రపోతున్నాడు. పాపం, లేపొద్దంది అప్ప.'